మా ఊరికి సిమెంటు రోడ్డా, తారు రోడ్డా? వేయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

రేగడిరైతు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర చిన్న ఊరు, చుట్టూ నల్లరేగడి. మెయిన్ రోడ్డు నుంచి రామాలయం దాకా 1.8 కిలోమీటర్లు, అందులో మొదటి 1.2 కిలోమీటర్లు పంట కాలవ గట్టు పక్కనే వస్తుంది, మిగతా 600 మీటర్లు ఊరి మధ్యలోంచి పోతుంది. ఇప్పుడున్నది తారు రోడ్డే. వేసిన ఏడాది బాగానే ఉంది, రెండో వానాకాలానికి అంచులు విరిగిపోయాయి, మూడో ఏడు నుంచి స్కూలు ఆటో ఊళ్లోకి రానంటోంది, పిల్లలు మెయిన్ రోడ్డు దాకా నడిచిపోతున్నారు. పోయిన ఆగస్టులో మా వదినకి నొప్పులొస్తే ఆ 1.8 కిలోమీటర్లు దాటడానికి 25 నిమిషాలు పట్టింది. ఆటోలో ఆవిడ పక్కన కూర్చున్నది నేనే, ఆ రాత్రి ఇంకా కళ్లలోంచి పోలేదు.

ఇప్పుడు రోడ్డుకి డబ్బు వచ్చే సూచన ఉంది. రెండు వారాల్లో గ్రామసభ. ఊళ్లో సగంమంది మొత్తం సీసీ రోడ్డే (సిమెంటు కాంక్రీటు రోడ్డు) వేయించాలంటున్నారు, ఇంకో సగం "సిమెంటు పగిలితే అతుకు పడదు, తారైతే మళ్లీ పోసుకోవచ్చు, అదే డబ్బుకి ఎక్కువ దూరం వస్తుంది" అంటున్నారు. రెండిట్లోనూ నిజం ఉన్నట్టే అనిపిస్తోంది. వరి కోతలప్పుడు లోడు ట్రాక్టర్లు, వేసవి మొదట్లో మొక్కజొన్న లారీలు మా రోడ్డు మీదే తిరుగుతాయి. సిమెంటు రోడ్డు నిజంగా అంతకాలం నిలుస్తుందా, నిలిస్తే ఎందుకు నిలుస్తుంది, నిలవకపోతే ఎక్కడ తప్పు జరుగుతుంది? సభలో లేచి మాట్లాడాలంటే నాకు ఇవి తెలియాలి.

లారీబాట:

అన్నా, 22 ఏళ్లుగా స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్ వే సిమెంటుదే, 2002లో పూర్తయింది. కొండల్లో వానలు కుమ్మేస్తాయి అక్కడ, అయినా ఆ రోడ్డు మీద తారు రోడ్లలో పడే చక్రాల గాడి నాకు కనపడలేదు. లోడు బండ్లు ఒకే వరసలో పోయే తారు రోడ్డు చూడండి, రెండు మూడు వేసవులకి టైర్లు పోయే చోట రెండు కాలవలు పడతాయి. వానొస్తే ఆ కాలవల్లో నీళ్లు నిలుస్తాయి, స్టీరింగ్ లాగేస్తుంది.

ఇంకోటి గమనించండి. హైవే అంతా తారే ఉన్నా టోల్‌గేటు దగ్గరకి రాగానే చాలాచోట్ల కింద సిమెంటు కనిపిస్తుంది. బండ్లు నిలబడేది, బ్రేకు కొట్టేది, డీజిలు ఆయిలు కారేది అక్కడే. తారుకి డీజిలు పడదు, మెత్తబడి లేచిపోతుంది. రైల్వే అండర్ బ్రిడ్జిల కింద కూడా అంతే, నీళ్లు నిలిచే చోట కాబట్టి సిమెంటు వేస్తారు. రోడ్లు వేసేవాళ్లే కష్టమైన చోట దేన్ని నమ్ముతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

రాత్రిపూట కూడా తేడా ఉంది. సిమెంటు రోడ్డు తెల్లగా ఉంటుంది, లైటు వేస్తే అంచు కనపడుతుంది. తడిసిన తారు రోడ్డు లైటుని మింగేస్తుంది. కాలవ గట్టు మీద రోడ్డంటున్నారు కదా, మీకు అది చిన్న విషయం కాదు.

అయితే యమునా ఎక్స్‌ప్రెస్ వే మీద కూడా తిరిగాను, 165 కిలోమీటర్లు మొత్తం సిమెంటే. ఎండాకాలం మధ్యాహ్నం అరిగిన టైర్లతో స్పీడుగా పోతే అక్కడ టైర్లు పేలతాయి, ఆ భయం డ్రైవర్లందరికీ ఉంది. జాయింట్లు సరిగ్గా లేకపోతే టకటకమని నడుము పట్టేస్తుంది. కొత్త తారు రోడ్డు మీద ఉన్న సుఖం సిమెంటు మీద ఉండదు, ఒప్పుకోవాలి. ఊరి రోడ్డుకి ఆ బాధ తక్కువ, ఎవరూ వంద మీద పోరు కదా.

పాతఏఈ:

నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, పల్లె రోడ్ల మీదే 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రైతుగారూ, మీరు అడిగిన "ఎందుకు" అన్న ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, అది అర్థమైతే మిగతాదంతా మీరే తేల్చుకోగలరు.

తారు రోడ్డు బరువుని తను మోయదు, కిందికి పంపిస్తుంది. చక్రం బరువు తారు పొర నుంచి కంకరకి, కంకర నుంచి గ్రావెల్‌కి, గ్రావెల్ నుంచి మట్టికి దిగుతుంది. ప్రతి పొరా కొంచెం కొంచెం వెడల్పుగా పంచుతూ పోతుంది. కాబట్టి మట్టి మెత్తబడితే పైనున్న తారు ఎంత మంచిదైనా కుంగుతుంది. మీ రేగడి వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలిస్తుంది. ఏటా ఆ కదలిక కింద జరుగుతుంటే పైన పల్చటి తారు పొర అతికి ఉండటం కష్టం. దానికి తోడు నీళ్లు. మనం తారు అంటాం గానీ పోసేది బిటుమెన్, ముడి చమురు శుద్ధి చేశాక అడుగున మిగిలేది. అది కంకరకి జిగురులా పట్టుకుని ఉంటుంది. నీళ్లు నిలిచి, పైన చక్రం తొక్కుతూ ఉంటే ఆ జిగురు రాయి నుంచి ఊడిపోతుంది. ఒక రాయి లేస్తే పక్క రాయికి ఆసరా పోతుంది. గుంత పెద్దదవడం అట్లాగే.

సిమెంటు పలక అట్లా కాదు. అది తనే ఒక బల్లలాగా బరువుని చాలా వెడల్పున పంచుతుంది. కింద మట్టి అక్కడక్కడా కొంచెం మెత్తగా ఉన్నా దాటేస్తుంది. నీళ్లు నిలిస్తే దానికి జిగురు ఊడే బాధ లేదు, ఎండకి మెత్తబడే బాధ లేదు. అందుకే హైవేల డిజైన్‌లో సిమెంటు రోడ్డుకి 30 ఏళ్లు లెక్క కడతారు, తారుకి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు, అదీ మధ్యమధ్యలో పై పొర మళ్లీ వేస్తూ పోతే. మీ ఊళ్లో వాళ్లు "తారైతే మళ్లీ పోసుకోవచ్చు" అన్నారు కదా, నిజమే, కానీ ఆ "మళ్లీ"కి డబ్బు ఎవరిస్తారు, ఏ ఏడు ఇస్తారు అని సభలో అడగండి. పల్లె రోడ్డుకి మొదటిసారి వేసే డబ్బు దొరికినంత తేలిగ్గా మరమ్మతు డబ్బు దొరకదు. నా ఉద్యోగమంతా చూసింది ఇదే. పీఎంజీఎస్‌వై (కేంద్రం పల్లె రోడ్ల పథకం) రోడ్లకి 5 ఏళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టరు మీదే పెట్టింది అందుకే. సిమెంటు రోడ్డుకి మొదట ఖర్చు ఎక్కువైనా, మరమ్మతు చేసే నాథుడు లేని ఊరికి అదే చవక.

బరువు సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 1958 నుంచి 1960 దాకా రోడ్డు వేసి, దాని మీద లారీలు పదేపదే తిప్పి ఒక పెద్ద పరీక్ష చేశారు. అందులో తేలింది, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. మీ ఊళ్లో ఏడాదంతా తిరిగే మోటారు సైకిళ్లూ కార్లూ కలిసి చేయని నష్టం మొక్కజొన్న లారీలు నెలలో చేస్తాయి. అందుకని ట్రాఫిక్ తక్కువ కదా అని పల్చగా వేస్తామంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు మీ రోడ్డుకి నా సలహా. ఊరి లోపల 600 మీటర్లూ కళ్లు మూసుకుని సిమెంటు వేయించండి. ఇళ్ల నీళ్లు, పశువుల కొట్టాల నీళ్లు ఏడాది పొడవునా పారే చోట తారు నిలవదు. కాలవ గట్టు పక్క 1.2 కిలోమీటర్ల దగ్గర మాత్రం ఆగండి. ఆ గట్టు ఎప్పటిది? ఈమధ్య కాలవ తవ్వి ఆ మట్టి రోడ్డు మార్జిన్ మీద పోశారా? కొత్త మట్టి దిగుతూ ఉంటే దాని మీద సిమెంటు పలక వేయడం పొరపాటు. తారు రోడ్డు మట్టితో పాటు కుంగుతుంది, సరిచేయొచ్చు. పలక కుంగదు, కింద ఖాళీ ఏర్పడి ఒక రోజు విరుగుతుంది.

రేగడిరైతు:

ఏఈ గారూ, చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గట్టు పాతదే, మా తాత కాలం నాటిది. కానీ రెండేళ్ల కిందట పూడిక తీసి ఆ మట్టి ఒక 300 మీటర్ల మేర మార్జిన్ మీద పోశారు, అక్కడే రోడ్డు కాలవ వైపుకి జారుతున్నట్టు ఉంటుంది. మిగతా 900 మీటర్లు గట్టిగానే ఉంది, అంచులు మాత్రం పోయాయి. ఇంకొక సమస్య, దమ్ము చక్రాలు, అదే పొలం దమ్ము చేసే ఇనుప చక్రాలు. నాట్లప్పుడు కేజ్ వీల్స్ విప్పకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కిస్తారు. సిమెంటు దానికి తట్టుకుంటుందా?

పాతఏఈ:

తారుకంటే తట్టుకుంటుంది, కానీ పైపొర గీరుకుపోతుంది, ఆ గరుకు పోయాక లోపలి కంకర తేలుతుంది. ఇనుప చక్రాలకి లొంగని రోడ్డు లేదు. పంచాయతీ తీర్మానం చేసి గట్టిగా ఆపించాల్సిందే, లేకపోతే రోడ్డు మీద మీరు పెట్టే డబ్బంతా ఆ ఒక్క నెలలో పోతుంది.

గడపదాటినీళ్లు:

నేను ఇంజినీర్ని కాదండీ, సిమెంటు రోడ్డు పక్కన ఇల్లున్నదాన్ని. నా మాట కూడా వినండి.

మా వీధిలో మొదట సిమెంటు రోడ్డు వేసినప్పుడు పండగ చేసుకున్నాం, బురద లేదు, చీపురుతో ఊడ్చుకోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, సంక్రాంతికి వీధంతా ముగ్గులే. కోతలప్పుడు ధాన్యం ఆరబోసుకునేవాళ్లు, అది మంచిది కాదంటారు గానీ కల్లం లేనివాళ్లు ఏం చేస్తారు. నిజంగా ఆడవాళ్లకి ఆ రోడ్డుతో బతుకు తేలికైంది, అది కాదనను.

తర్వాత అది పగిలిందని దాని మీదే ఇంకో రోడ్డు వేశారు. పాతది తవ్వలేదు. మా గడప రోడ్డుకంటే జానెడు కిందకి పోయింది. నీళ్లు పోయే సైడు కాలవ కూడా కట్టలేదు. ఇప్పుడు గట్టి వానొస్తే వీధి నీళ్లన్నీ మా వసారాలోకే. ఒకసారి రాత్రి రెండింటికి లేచి బియ్యం బస్తాలు మంచం మీదకి ఎత్తాం, మా అత్తగారికి 78 ఏళ్లు, ఆవిడ కూడా తట్ట పట్టుకుని నీళ్లు తోడారు. మట్టి రోడ్డైతే కొంత నీళ్లు ఇంకేవి, సిమెంటులో ఒక్క చుక్క ఇంకదు, ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా.

కాబట్టి తమ్ముడూ, సభలో రోడ్డు గురించి మాట్లాడే ముందు కాలవ గురించి మాట్లాడు. రోడ్డు ఎత్తు ఇళ్ల గడపలకంటే కిందే ఉండాలని, పాత రోడ్డు తవ్వి తీశాకే కొత్తది వేయాలని రాయించుకో. నోటి మాట నమ్మొద్దు.

పాతఏఈ:

అమ్మా, మీరు చెప్పింది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. రోడ్డు తర్వాతే, నీళ్లు పోయే దారి ముందు. 600 మీటర్లకి ఒక పక్క అయినా సైడు కాలవ ఎస్టిమేట్‌లోనే ఉండాలి, తర్వాత కడతామంటే అది రాదు. రోడ్డు మధ్య నుంచి అంచుకి 100కి 2 చొప్పున వాలు ఉండాలి, 4 మీటర్ల రోడ్డుకి మధ్యలో 4 సెంటీమీటర్లు ఎత్తన్నమాట.

సైటుమనిషి:

రైతన్నా, నేను నల్లగొండ వైపు సైట్ సూపర్వైజర్ని, చిన్న కాంట్రాక్టర్ల దగ్గర సీసీ రోడ్లు చాలా పోయించిన. పని జరిగేటప్పుడు మీరు నిలబడి చూడాల్సినవి చెప్తా. ఇవి తెలిస్తే మీకు మంచి రోడ్డు దొరుకుతుంది, పోసేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉంటారు.

మొట్టమొదట మందం. పల్లె రోడ్డుకి తక్కువలో తక్కువ 15 సెంటీమీటర్లు, కాంక్రీటు ఎం30 (అది బలం గ్రేడు). సైడుకు పెట్టే ఇనుప ఛానెల్ ఎత్తు 15 ఉందని చూసి చాలామంది సంతృప్తి పడతారు, మోసం ఛానెల్ దగ్గర కాదు, రోడ్డు మధ్యలో ఉంటుంది. కింద గ్రావెల్ మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా వదిలేస్తే అక్కడ పలక 12, 13 సెంటీమీటర్లే పడుతుంది, పైకి ఎవరికీ కనపడదు. పోసే ముందు రోడ్డు వాలు ఎట్లుంటదో అట్లే దారం పట్టి, మధ్యలో నాలుగైదు చోట్ల టేపుతో కిందికి కొలవండి. 600 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పుకి 15 సెంటీమీటర్లంటే 360 ఘనపు మీటర్ల కాంక్రీటు. 2 సెంటీమీటర్లు తగ్గితే 48 ఘనపు మీటర్లు మాయం. ఘనపు మీటరుకి 7 బస్తాలేసుకున్నా 330 బస్తాల సిమెంటు పైనే. మీ పైసలే అవి.

రెండోది నీళ్లు. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్) దగ్గర కూలీలకి పల్చటి మాలు ఇష్టం, తట్టలో నుంచి తేలికగా జారుతుంది. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం పోతుంది, పైన పాలు తేలి, ఎండాక ఆ పైపొర దుమ్ములా లేస్తుంది. వేసిన ఆరు నెలలకే సిమెంటు రోడ్డు మీద దుమ్ము లేస్తోందంటే కారణం చాలాసార్లు అదే. గట్టిగా ఉన్న మాలు పోసి వైబ్రేటర్ పెట్టాల్సిందే. క్యూబులు పోయించండి, 15 సెంటీమీటర్ల ఇనుప డబ్బాల్లో. 7 రోజులకి, 28 రోజులకి పగలగొట్టి బలం చూస్తారు, ఆ రిపోర్టు అడిగే హక్కు ఊరికి ఉంది.

కింద గ్రావెల్ మీద ప్లాస్టిక్ షీటు పరవాలి. చాలా చోట్ల పరవరు, దాంతో సిమెంటు పాలన్నీ మట్టి తాగేస్తుంది.

ఇప్పుడు జాయింట్లు. ఇది సరిగ్గా అర్థం చేసుకోండి, ఎందుకంటే "సిమెంటు రోడ్డు పగిలింది" అన్న ఫిర్యాదుల్లో నేను చూసినవి ఎక్కువ ఇక్కడే పుట్టాయి. కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, అది ఎవరూ ఆపలేరు. తర్వాత కూడా ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 100 మీటర్ల పలక 30 డిగ్రీల తేడాకి సుమారు 3 సెంటీమీటర్లు సాగుతుంది. కాబట్టి ఎక్కడో ఒక చోట పగలక తప్పదు. మనమే 3, 4 మీటర్లకి ఒకసారి మిషన్‌తో కోత కోసి, "ఇక్కడ పగులు" అని దానికి దారి చూపిస్తాం. కోత లోతు పలక మందంలో మూడో వంతు, పావు వంతు కన్నా తగ్గకూడదు. ఎప్పుడు కోయాలన్నదే అసలు సంగతి. పొద్దున పోసిన రోడ్డుకి ఎండాకాలమైతే ఆ సాయంత్రమే, చలికాలమైతే ఆ రాత్రి లేదా మర్నాడు పొద్దున్నే. కటింగ్ మిషన్ వేరే సైటులో ఉంది, ఎల్లుండి వస్తుందని ఎవరైనా అంటే ఆ రోజు పోయడమే ఆపించండి. ఒకసారి నేను ఉన్న సైటులోనే మిషన్ మూడు రోజులు రాలేదు, 80 మీటర్ల రోడ్డు అడ్డదిడ్డంగా చీలింది. ఆ తప్పులో నా భాగం ఉంది, పోయొద్దని గట్టిగా చెప్పలేకపోయిన.

కోసిన గాట్లని తారు లాంటి సీలెంట్‌తో నింపాలి, లేకుంటే అందులోంచి నీళ్లు దిగి, బండి పోయినప్పుడల్లా కింది మట్టిని బురదగా పైకి కక్కుతుంది. అట్లా కొంతకాలానికి పలక మూల కింద ఖాళీ, ఆ మూల విరగడం. మీ రేగడిలో ఇది మరీ తొందరగా జరుగుతుంది, అందుకే కింద కనీసం అడుగు మందం మంచి గ్రావెల్ వేసి రోలర్ తిప్పించండి.

క్యూరింగ్ (పోసిన కాంక్రీటుని తడిగా ఉంచడం) గురించి ఇంకోసారి రాస్తా, డ్యూటీకి టైమైంది.

ఎడారితెలుగు:

మాది ఒంగోలు, ఉండేది అమెరికాలో ఫీనిక్స్ దగ్గర. ఇక్కడ ఫ్రీవేలు చాలావరకు సిమెంటువే. ఇళ్ల పక్కనుంచి పోయేచోట టైర్ల హోరు తట్టుకోలేక 2003 ప్రాంతంలో ఆ సిమెంటు మీదే పాత టైర్ల రబ్బరు కలిపిన తారు పొర వేశారు. చప్పుడు బాగా తగ్గింది. కానీ ఇక్కడి ఎండకి ఆ పొర కొన్నేళ్లకి పాడవుతూ వచ్చింది, ఇప్పుడు చాలాచోట్ల ఆ తారు గీకేసి, కింద ఉన్న పాత సిమెంటునే డైమండ్ బ్లేడ్లతో సన్నగా చెక్కి నునుపు చేసి వాడుతున్నారు. పైపొర పోయినా కింద పలక గట్టిగానే ఉండటం నాకు ఆశ్చర్యం వేసింది. ఒహాయోలో బెల్‌ఫౌంటెన్ అనే ఊళ్లో 1890ల మొదట్లో వేసిన సిమెంటు వీధి ఉంది, దాన్ని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. గుర్రపు బండ్ల కాలంలో వేసిన రోడ్డు అది.

ఒక్క విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. సిమెంటు తయారీలో సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ప్రపంచంలో మనుషులు వదిలే ఆ వాయువులో 7, 8 శాతం సిమెంటుదే. పాత తారు గీకి, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటు పలక పగలగొడితే అంత తేలికగా రోడ్డుగా మారదు. అందుకని ఎక్కడ పడితే అక్కడ సిమెంటే అనడం నాకు నచ్చదు.

పాతఏఈ:

మీరన్నది నిజం బాబూ. దానికి మన దగ్గరున్న ఒక దారి ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు. మనకి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ లాంటి చోట్ల బూడిద గుట్టలుగా ఉంది, సిమెంటులో 35 శాతం దాకా ఆ బూడిద కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంతమేర సున్నపురాయి కాల్చడం తగ్గుతుంది. పైగా సిమెంటు మనకి పిడుగురాళ్ల, మాచర్ల, మట్టంపల్లి వైపు నుంచే వస్తుంది, బిటుమెన్‌కైతే బయటి దేశాల ముడి చమురు కావాలి. అయితే పీపీసీకి బలం కొంచెం ఆలస్యంగా వస్తుంది, క్యూరింగ్ తగ్గితే దెబ్బ దానికే ఎక్కువ.

ఇంకో మాట, ఎవరైనా పాత తారు గట్టిగా ఉన్నచోట దాని మీదే సిమెంటు వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు, వైట్ టాపింగ్ అంటారు, బెంగళూరులో చాలా రోడ్లు అట్లా చేశారు. రైతుగారి ఊళ్లో ఇళ్ల మధ్య అది కుదరదు, ఎత్తు పెరుగుతుంది, పైన అమ్మ చెప్పిన కష్టమే వస్తుంది. కాలవ గట్టు పక్క గట్టిగా ఉన్న 900 మీటర్లకి ఆలోచించొచ్చు.

పైపులమనిషి:

చిన్న మాట. పోసే ముందే అడ్డంగా పీవీసీ పైపు తొడుగులు పెట్టించండి, ప్రతి రెండు మూడు ఇళ్లకి ఒకటి. మా ఊళ్లో కొత్త సీసీ రోడ్డు వేసిన నాలుగో నెలలో తాగునీటి పైపుల కోసం అంతా అడ్డంగా కోశారు. కోసినచోట మట్టి పూడ్చి పోయారు, ఇప్పటికీ ప్రతి పది అడుగులకీ ఒక గాడి. తారైతే అతుకు కొంత కలిసిపోయేది, సిమెంటులో ఆ గాయం అట్లాగే ఉంటుంది. నీళ్ల లైను, ఇంటర్నెట్ కేబుల్, డ్రైనేజీ, ఏది రాబోతున్నా ముందే అడగండి.

సైటుమనిషి:

క్యూరింగ్ అన్నా. పోసిన రోజు తడి గోనె సంచులు కప్పాలి, మర్నాటి నుంచి మట్టితో మడులు కట్టి నీళ్లు నిలబెట్టాలి, 14 రోజులు తగ్గకుండా. ఒక్క మధ్యాహ్నం ఆరిపోయినా పైన వెంట్రుకల్లాంటి నెర్రెలు వస్తాయి. 7 రోజులకి బలం మూడింట రెండు వంతులే వస్తుంది, చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ లోడు ట్రాక్టరు ఎక్కిస్తే అప్పుడే లోపల చీలుతుంది. 28 రోజులు లోడు బండి ఎక్కనీయొద్దు. రెండు చివర్లా బండరాళ్లు అడ్డం పెట్టించి, రాత్రి ఒక మనిషిని ఉంచండి. నీళ్లు ఎక్కడినుంచి తెస్తారో ముందే తేల్చుకోండి, రోజూ ట్యాంకర్ కొనాల్సి వస్తే నాలుగో రోజుకి ఆపేస్తారు.

రేగడిరైతు:

సభ నిన్న అయింది. అందరికీ చెప్పాలని కూర్చున్నా.

మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. మొదట సిమెంటు కావాలన్నవాళ్లూ, తారు కావాలన్నవాళ్లూ ఇద్దరూ నా మీద అరిచారు. 300 మీటర్ల కొత్త మట్టి దగ్గర సిమెంటు వద్దు, ముందు గట్టుకి రాతి కట్టుబడి చేసి తారే వేద్దాం, మట్టి కుదురుకున్నాక చూద్దాం అన్నాను. ఇళ్ల మధ్య 600 మీటర్లకి పాత రోడ్డు తవ్వి, కాలవతో కలిపి సిమెంటు అన్నాను. గడపలో నీళ్ల సంగతి, పేరు చెప్పకుండా అక్క కథ చెప్పాను, ఆడవాళ్లంతా ఒక్కసారిగా "అవును, ముందు కాలవ" అన్నారు. దాంతో ఆ ముక్క తీర్మానంలోకి ఎక్కింది. దమ్ము చక్రాల మీద కూడా తీర్మానం అయింది. మధ్యలో ఉన్న 900 మీటర్లు ఇంకా తేలలేదు, డబ్బు ఎంత వస్తుందో చూసి అన్నారు.

ఇప్పుడు నా టెన్షన్ అంతా ఎప్పుడు పోయాలన్నదే. వేసవిలో పోద్దామంటున్నారు, కానీ ఏప్రిల్ వచ్చేసరికి పంట కాలవకి నీళ్లు ఆపేస్తారు, బోరు నీళ్లు మా దగ్గర ఉప్పు. ఉప్పు నీళ్లతో క్యూరింగ్ చేయొచ్చా? జూన్‌లో కాలవ వదిలేసరికి వానలు, నాట్లు. నవంబరు నుంచి జనవరి మధ్య దాకా వరి లోడ్లు.

పాతఏఈ:

బోరు నీళ్లు టెస్టు చేయించకుండా వాడొద్దు. మీ మొక్కజొన్న లారీలు ఎప్పుడు మొదలవుతాయి?

రేగడిరైతు:

మార్చి రెండో వారం తర్వాతే అండీ.

పాతఏఈ:

అయితే సంక్రాంతి వెళ్లగానే, ధాన్యం ఊరు దాటిన వెంటనే పని మొదలుపెట్టించండి. తవ్వడం, గ్రావెల్, సైడు కాలవ పని పంట పనుల మధ్యలో డిసెంబరులోనే కొంత కొంత చేసుకోవచ్చు. పోయడం జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరి మొదటి వారానికి అయిపోవాలి. కాలవలో నీళ్లుంటాయి, ఎండ తీవ్రత ఉండదు, చివర పోసిన ముక్కకి కూడా మార్చి మొదటి వారానికి 28 రోజులు నిండుతాయి. ఆ నెల రోజులూ బండ్లు పోవడానికి వేరే దారి ఉందా?

రేగడిరైతు:

పడమటి డొంక ఉంది సార్. ఇప్పుడు తుమ్మ కంప, గుంతలు. రేపు పొద్దున్నే నలుగురం పోయి చూసి, ట్రాక్టరు పట్టేలా ఎన్ని లోడ్ల గ్రావెల్ కావాలో కొలుచుకుని వస్తాం.